ఎండ డిగ్రీల పక్కన సముద్రం సంగతి కూడా వేయండి

సంపాదకుల వారికి నమస్కారం.

వేసవి మొదలవగానే మీ పేపర్లో రోజూ ఒక మూల ఊళ్ల పేర్లు, వాటికి ఎదురుగా గరిష్ఠం, కనిష్ఠం అని చిన్న పట్టిక వేస్తారు కదా, ఈ ఉత్తరం దాని గురించే. కడప 42, తిరుపతి 41, చెన్నై 36 అని ఉందనుకోండి, అది చూసి ప్రొద్దుటూరు నుంచి మా అక్క ఫోన్ చేస్తుంది. "ఇక్కడ మాడిపోతున్నామే, మీ దగ్గరే నయం, ఆరు డిగ్రీలు తక్కువంట, పిల్లలకు సముద్రం కూడా చూపించినట్టుంటుంది" అంటుంది. నేను తిరువాన్మియూర్‌లో ఉంటాను, బీచ్ నడిచిపోయేంత దూరం. మే నెలంతా మా ఇల్లు చుట్టాలతో కిటకిటలాడుతుంది, రావద్దని ఏ రోజూ అనలేదు, అనను కూడా. కానీ ఆ 36 అనే అంకె నమ్మి వచ్చినవాళ్లు రెండో రోజుకే తలనొప్పి, వాంతులు అని మంచం ఎక్కడం ఏటా చూస్తున్నాను. మా ఇంట్లోనే కాదు, టీ నగర్‌కు బట్టలు కొనడానికి వచ్చేవాళ్లు, ఆస్పత్రి పని మీద వచ్చి సాయంత్రం మెరీనాకు వెళ్లేవాళ్లు, ఐటీ ఆఫీసులుండే ఓఎంఆర్ రోడ్డు మీద పీజీ హాస్టళ్లలో ఉండే మన పిల్లలు, అందరిదీ ఇదే కథ. అందుకే ఆ పట్టికలో ఇంకో రెండు మూడు మాటలు చేర్చమని అడగడానికి రాస్తున్నాను.

ముందు ఉక్క సంగతి. ప్రొద్దుటూరులో మిద్దె మీద ఆరేసిన తువ్వాలు అరగంటలో పెళపెళలాడుతుంది, ఇక్కడ మా వరండాలో అదే తువ్వాలు సాయంత్రానికీ చెమ్మగానే ఉంటుంది. ఒంటి మీద చెమటకూ జరిగేది అదే. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడేది, ఊరికే కారినందువల్ల ఏ లాభమూ లేదు, పైగా నీళ్లూ ఉప్పూ పోతాయి. గాలిలో తేమ 15 శాతం ఉన్నప్పుడు 42 డిగ్రీల ఎండ ఒంటికి దాదాపు 42గానే తెలుస్తుంది. 36 డిగ్రీలకు 60 శాతం తేమ తోడైతే మాత్రం ఒంటికి 48 దాకా ఉన్నట్టు లెక్క. అంటే మా అక్క ఆరు డిగ్రీలు తగ్గించుకుందామని వచ్చి ఆరు డిగ్రీలు పెంచుకుంటోంది, పేపర్లో మాత్రం అది కనపడదు. వాతావరణ శాఖకు ఈ తేడా బాగా తెలుసు, అందుకే మైదాన ప్రాంతాల్లో వడగాడ్పు అనడానికి కనీసం 40 డిగ్రీలు ఉండాలంటారు, కోస్తా ఊళ్లకు 37 చాలంటారు, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువుంటే. ఇక రాత్రిళ్లు కూడా 29, 30 కంటే దిగనప్పుడు పగలు అలిసిన ఒంటికి తేరుకునే టైమే దొరకదు. పెద్దవాళ్లు, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు ఎక్కువ ఇబ్బంది పడేది అక్కడే.

బీచ్‌కు వెళ్తే గాలి ఉంటుంది కదా అంటారు. ఉంటుంది, కానీ ఎప్పుడు? చెన్నైలో మే చివర్లో, రోహిణి కార్తెలో, పడమటి నుంచి నేల మీది వేడిగాలి గట్టిగా వీస్తే సముద్రపు గాలి మధ్యాహ్నం రెండు మూడు గంటలైనా ఊళ్లోకి అడుగుపెట్టదు. ఆ గాలి లేటైన రోజే ఇక్కడ ఎండ విరుచుకుపడేది, 2003 మే 31న చెన్నైలో 45 డిగ్రీలు నమోదైందంటే ఇలాంటి రోజుల గురించి ఆలోచించాలి. ఉదయం పదకొండుకు పిల్లల్ని తీసుకుని మెరీనాకు వెళ్లినవాళ్లకు దొరికేది గాలి కాదు, కాళ్లు బొబ్బలెక్కే ఇసుక. రోడ్డు నుంచి నీళ్ల దగ్గరికి దాదాపు 300 మీటర్లు ఆ ఇసుకలోనే నడవాలి, మధ్యలో నీడ ఉండదు.

2024 అక్టోబరు 6న మెరీనాలో వైమానిక దళం విన్యాసాలు చూడటానికి లక్షల మంది వచ్చారు, ఆ రోజు ఐదుగురు చనిపోయారు. అది మే కూడా కాదు, అక్టోబరు. ఎండ, ఉక్క, జనం, నీళ్లు అందకపోవడం, ట్రైన్లు కిక్కిరిసి ఇంటికి వెళ్లే దారి లేకపోవడం, అన్నీ కలిశాయి. అదే నెలలో తమిళనాడు ప్రభుత్వం వడగాడ్పును రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది, చనిపోయినవారి కుటుంబానికి నాలుగు లక్షలు ఇస్తారు. మంచి నిర్ణయమే, కానీ ఆ డబ్బు మనిషి పోయాక వచ్చేది. మనిషి బయల్దేరక ముందు చేతిలో ఉండాల్సింది సమాచారం, అది ఇవ్వగలిగింది మీలాంటి పత్రికలే.

మా ఇంటికి వచ్చినవాళ్లకు నేను చెప్పేది చాలా మామూలు మాటలే. దాహం వేసేదాకా ఆగొద్దు, ఓఆర్ఎస్ ప్యాకెట్ గానీ ఉప్పేసిన మజ్జిగ గానీ వెంట ఉండాలి, సాయంత్రం ఐదు దాటాకే బీచ్. ఎవరైనా తికమకగా మాట్లాడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా, అది మామూలు నీరసం కాదు, వడదెబ్బ. చెమట పట్టలేదా అని చూస్తూ కూర్చోవద్దు, ఉక్కలో చెమట కారుతుండగానే వడదెబ్బ తగలొచ్చు. వెంటనే నీడకు చేర్చి ఒళ్లంతా నీళ్లతో తడిపి విసరాలి, 108కి ఫోన్ చేయాలి, స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు. ఈ ఆఖరి మాట చాలామందికి తెలియదు, గాబరాలో ముందు చేసేది అదే.

ఇప్పుడు నీళ్ల సంగతి. నాకు ఎక్కువ టెన్షన్ ఇక్కడే.

మన రాయలసీమ పిల్లలు, తెలంగాణ పిల్లలు ఈత రానివాళ్లేం కాదు. బావుల్లో, కాలవల్లో, చెరువుల్లో నేర్చుకున్నవాళ్లు, అదే వాళ్ల ధైర్యం. బావిలో నీళ్లు ఎక్కడికీ పోవు, కాలవలో నీళ్లు ఒకే వైపు పోతాయని కంటికి కనపడుతుంది. సముద్రంలో ఒడ్డుకు వచ్చిన కెరటం నీళ్లు మళ్లీ లోపలికి పోవాలి కదా, అవి నీళ్ల కింద ఉన్న ఇసుక తిన్నెల మధ్య ఎక్కడ సందు దొరికితే అక్కడ పోగై, ఒక పాయలాగా జోరుగా లోపలికి లాగుతాయి. ఆ పాయ ఉన్న చోట కెరటాలు విరగవు, నురగ ఉండదు, నీళ్లు కాస్త ముదురు రంగులో, పైకి ప్రశాంతంగా కనపడతాయి. పక్కన రెండు వైపులా అలలు ఎగసిపడుతుంటే మధ్యలో నెమ్మదిగా ఉన్న చోటు చూసి ఇక్కడైతే భయం లేదు అని తల్లిదండ్రులే పిల్లల్ని అక్కడ దించడం నేను ఎలియట్స్ బీచ్‌లో ఎన్నోసార్లు చూసి పరిగెత్తుకెళ్లి పిలిచాను. ఆ సందు ఈరోజు ఉన్న చోట రేపు ఉండదు, ఇసుక కదిలిపోతుంటుంది. అందుకే నిన్న ఇక్కడే స్నానం చేశాం, ఏం కాలేదు అనే మాటకు సముద్రం దగ్గర విలువ లేదు.

పోయిన వేసవిలో మా అక్క కొడుకు ఫ్రెండ్స్‌ని వెంటేసుకుని వచ్చాడు. "మోటబావిలో పైనుంచి దూకేవాణ్ణి, నాకు ఇదెంత పిన్నీ" అన్నాడు. వాదించి లాభం లేదని ఊరూర్ కుప్పం అనే జాలర్ల పేట వైపు తీసుకెళ్లాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్లకు వేట నిషేధం కదా, చిన్న పడవలు మాత్రం తిరుగుతుంటాయి, ఒడ్డున వలలు బాగుచేసుకుంటూ మనుషులు ఉంటారు. అక్కడ ఒక పెద్దాయనను "అన్నా, ఈ పిల్లలకు కాస్త చెప్పండి" అని తమిళంలో అడిగాను. ఆయన ఏమీ చెప్పలేదు, లేచి వెళ్లి ఒక ఎండు కొబ్బరి బొండాం తీసుకుని, నురగ లేని చోటు చూసి విసిరాడు. మేం చూస్తుండగానే అది కెరటాలు విరిగే చోటు దాటి లోపలికి వెళ్లిపోయింది. పక్కనే నురగ ఉన్న చోట ఇంకోటి వేశాడు, అది తిరిగి ఒడ్డుకే వచ్చి పడింది. అప్పుడు అన్నాడు, ఆ పాయలో పడితే ఒడ్డు వైపు ఈదితే నువ్వు అలిసిపోతావు, నీళ్లు అలిసిపోవు, అందుకని ఒడ్డు వెంబడే, అటో ఇటో పక్కకు ఈదాలి, ఆ పాయ సన్నగా ఉంటుంది, దాటగానే కెరటమే నిన్ను ఒడ్డుకు తోస్తుంది, ఈదలేకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తు అని. నేను తెలుగులో చెప్పాను. పిల్లలు మోకాళ్లు దాటి దిగలేదు. ఆ పెద్దాయన చేసి చూపించినదాన్ని బొమ్మ వేసి సగం పేజీలో ఇవ్వగలిగితే ఎంతమంది పిల్లలు చూస్తారో ఆలోచించండి.

ఇంకో మాట, కాపాడబోయి మునిగిపోయేవాళ్ల గురించి. తమ్ముడు కొట్టుకుపోతుంటే అన్న దూకుతాడు, కూతురి కోసం నాన్న దూకుతాడు, ఒక్క శవం బదులు రెండు మూడు వస్తాయి. ఎలియట్స్ బీచ్‌లో తెల్లటి తోరణంలా ఒక కట్టడం ఉంటుంది, మన పిల్లలంతా దాని ముందు ఫొటోలు దిగుతారు. అది కార్ల్ ష్మిట్ అనే డెన్మార్క్ దేశస్థుడి స్మారకం, 1930 డిసెంబరులో ఇక్కడే మునిగిపోతున్నవారిని రక్షించడానికి వెళ్లి ప్రాణం పోగొట్టుకున్నాడు. అన్నేళ్ల క్రితం జరిగింది ఇప్పటికీ జరుగుతూనే ఉంది. దూకకుండా చేయగలిగింది ఉంది. ఖాళీ వాటర్ క్యాన్, గట్టిగా మూతపెట్టిన పెద్ద కూల్‌డ్రింక్ బాటిల్, తాడు, ఏది దొరికితే అది విసరాలి, గట్టిగా కేకేయాలి, జాలర్ల పేట వాళ్లను, లైఫ్‌గార్డులను పిలవాలి, ఒకరు మునిగే మనిషి మీదనుంచి చూపు తిప్పకుండా చేత్తో చూపిస్తూ నిలబడాలి. అడయారు, కూవం నదులు సముద్రంలో కలిసే మొగల దగ్గర అయితే అసలు నీళ్లలో కాలు పెట్టకూడదు, అక్కడ ఆటుపోట్లు మారే వేళకు లాగుడు ఎటు ఉంటుందో చెప్పడం కష్టం.

ఇది ఇలా ఉంటే, గాలీ వానా లేకుండా వచ్చే కెరటాలు కొన్ని ఉంటాయి. ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో, వేల కిలోమీటర్ల అవతల తుఫాను గాలులు లేపిన అలలు రోజుల తరబడి ప్రయాణం చేసి మన ఒడ్డుకు చేరతాయి. ఇక్కడ ఆకాశం నీలంగా, గాలి హాయిగా ఉంటుంది, సముద్రం మాత్రం ఉన్నట్టుండి పొంగుతుంది. 2024 మే 6న కన్యాకుమారి జిల్లాలో ఒక బీచ్‌లో ఐదుగురు మెడికల్ విద్యార్థులు ఇలాంటి కెరటాలకే బలయ్యారు, స్నేహితుల ఇంట్లో పెళ్లికి వచ్చి సముద్రం చూడటానికి వెళ్లిన పిల్లలు. కెరటాలు పొంగుతాయని హెచ్చరిక అప్పటికే వెలువడింది. ఇచ్చింది ఎవరో తెలుసా, మన హైదరాబాద్‌లోనే ఉన్న ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ, దేశం మొత్తం తీరానికి అలల హెచ్చరికలు, సునామీ హెచ్చరికలు అక్కడి నుంచే వస్తాయి. తెలుగు నేల మీద తయారయ్యే ఆ సమాచారం తెలుగు పేపర్లో రోజూ ఒక్క లైన్‌గా ఎందుకు రాకూడదు? తుఫాను వచ్చినప్పుడు పేజీలకు పేజీలు వేస్తారు, మామూలు ఆదివారం నాటి అలల ఎత్తు మాత్రం ఎక్కడా ఉండదు, మన కుటుంబాలు బీచ్‌కు వచ్చేది ఆ మామూలు ఆదివారాలే. చీరాల వాడరేవు, రామాపురం, బాపట్ల సూర్యలంక, మైపాడు, అక్కడికి వెళ్లే మీ పాఠకులకూ ఇది కావాలి.

వేసవి గాలివానల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చెన్నైలో అవి వచ్చే తీరు వేరు. నవంబరు, డిసెంబరు వానలు సముద్రం మీదనుంచి వస్తాయి, ఎదురుగా కనపడతాయి. మే, జూన్ సాయంత్రాల్లో ఉరుములతో వచ్చేవి ఎక్కువగా పడమటి నుంచి, వేలూరు, తిరువళ్లూరు వైపు నుంచి మబ్బు కట్టి వస్తాయి. బీచ్‌లో కూర్చున్నవాళ్లంతా తూర్పుకు తిరిగి ఉంటారు, మబ్బు వీపు వెనకనుంచి వస్తుంది, మేడలు అడ్డం. ఈదురుగాలికి ఇసుక లేచి కళ్లలో పడ్డప్పుడు గానీ తెలియదు, అప్పటికి మెరుపులు మొదలై ఉంటాయి. 300 మీటర్ల చదును ఇసుకలో నిలబడ్డ మనిషే అక్కడ ఎత్తయినది, పిడుగుకు అంతకంటే ఏం కావాలి. జనం పరిగెత్తి బజ్జీ బండి రేకు కిందకో, టార్పాలిన్ కిందకో, చెట్టు కిందకో చేరతారు, అవేవీ కాపాడవు. పక్కా భవనం లోపలికో, అద్దాలు మూసిన కారులోకో వెళ్లాలి. మెరుపుకు, ఉరుముకు మధ్య ముప్పై లెక్కపెట్టేలోపే ఉరిమితే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు, ఆఖరి ఉరుము విన్నాక అరగంట దాకా ఇసుకలోకి తిరిగి రాకూడదు. దామిని యాప్ ఫోన్లో ఉంటే దగ్గర్లో పిడుగులు పడుతున్నాయో లేదో చూపిస్తుంది, ఆ యాప్ ఉందన్న సంగతే మా చుట్టాల్లో ఒక్కరికీ తెలియదు.

ఇక మే తుఫాన్లు. 2010 మేలో లైలా బాపట్ల దగ్గర తీరం దాటింది, అంతకు ముందే చెన్నైలో వానలు, సముద్రం అల్లకల్లోలం. అలాంటప్పుడు కెరటాలు చూడ్డానికి జనం ఇంకా ఎక్కువగా వస్తారు, అది నాకు ఎప్పుడూ అర్థం కాదు. తుఫాను మన దగ్గరికి రాకుండా ఉత్తరానికి వెళ్లిపోతే హమ్మయ్య అనుకుంటాం, కానీ అది గాలిని తన వైపు లాక్కుంటే సముద్రపు గాలి ఆగిపోయి నేల మీది పొడిగాలి తిరుగుతుంది, రెండు మూడు రోజులు ఎండలు మండిపోతాయి. ప్రమాదం తప్పింది అని వార్త వేసిన రోజే కింద ఆ ఒక్క వాక్యం కూడా వేస్తే బాగుంటుంది.

ఇక్కడ మన భాష సంగతి కూడా ఉంది. నేను రోజూ నడిచే చోట హెచ్చరిక బోర్డులు తమిళంలో, ఇంగ్లీషులో ఉన్నాయి. తెలుగులో ఒక్కటీ నాకు కనపడలేదు. పోలీసు విజిల్ వేసి తమిళంలో అరుస్తుంటే మనవాళ్లు ఎవరినో అంటున్నాడనుకుని అలాగే నిలబడతారు. తిరుపతి, నెల్లూరు, చిత్తూరు నుంచి రైళ్ల నిండా ఇక్కడికి వచ్చే జనాన్ని లెక్కలోకి తీసుకుని మెరీనాలో, ఎలియట్స్‌లో, సెంట్రల్ స్టేషన్ దగ్గర "నురగ లేని చోట దిగవద్దు" అని ఒక్క తెలుగు వాక్యం, పక్కన బొమ్మ పెట్టమని మీరు నగరపాలక సంస్థను అడగాలి. పత్రిక అడిగితే వినిపించినంతగా నాలాంటివాళ్లు అర్జీ పెడితే వినిపించదు. చెన్నైలో ఉన్న తెలుగు సంఘాలు కూడా కలిసిరావాలి, ఉగాదికి వేదిక కట్టే ఖర్చులో ఎన్నో వంతూ కాదు ఇది.

మీ పట్టికలో నేను కోరేది ఇంతే. తీరంలో ఉన్న ఊళ్లకు గరిష్ఠం పక్కన మధ్యాహ్నపు తేమ, ఒంటికి తగిలే వేడి ఎంతో వేయండి. తేమ అంటే ఉదయం ఎనిమిదిన్నరకు కొలిచింది కాదు, ఎండ వేళది. దాని కింద అలల హెచ్చరిక ఉందో లేదో, సాయంత్రం పిడుగులకు అవకాశం ఉందో లేదో ఒక లైన్. రోజూ చోటు లేదంటే శని, ఆదివారాలైనా, ఏప్రిల్ చివర్లో బడులకు సెలవులు ఇచ్చేముందే మొదలుపెట్టండి, జూన్ దాకా వేయండి. ఇక్కడి తమిళ ప్రకటనలను తెలుగులోకి మార్చడానికి మనిషి కావాలంటే నేను చేసి పెడతాను, డబ్బులేమీ అక్కర్లేదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
తిరువాన్మియూర్, చెన్నై